రెండు వేళ్ళు

పలమనేరు హైస్కూలు గ్రౌండులో
సున్నంతో గీసిన గళ్ళు.
గడికో పిల్లోడు, గడికో దూడ,
ఇద్దరి మెడలోనూ ఒకటే నంబరు అట్ట.

నా చేతిలో టేపు.
ఇరవై రెండేళ్ళుగా పశువుల ఆసుపత్రిలో
గట్టిగా పట్టుకోవడమే నా ఉద్యోగం.
డాక్టరమ్మ సూదేస్తే కాళ్ళు పట్టుకుంటా,
డాక్టరమ్మ రాస్తే మూపు కొలుస్తా.

ఇది పుంగనూరు పొట్టిజాతి పందెం.
ఇంకెక్కడైనా ఎత్తుకు మార్కులు,
ఇక్కడ మాత్రం
నేలకి ఎంత దగ్గరుంటే అంత గొప్ప.
ఎనభై ఐదు దాటిందా,
దూడ ఎంత లక్షణంగా ఉన్నా సరే
పక్కకి.

పదిహేడో గడిలో మునిశ్యామల.
ఏడో తరగతి. గంగవరం దాటినాక ఏదో పల్లె.
పావడ అంచు విప్పి కిందికి దించినారు,
పాత మడత గీత ఇంకా కనపడతానే ఉండాది.
దూడ పేరు చింతపిక్క.
పుట్టిన రోజు అట్టనే నున్నగా, నల్లంగా
ఒళ్ళో ఇమిడిపోయేదంట.

"ఏం పెట్టినావు మే దీనికి?"
"శెనగచెక్క సార్. రాగి అంబలి.
బళ్ళో ఇచ్చే చిక్కీలో సగం.
గుడ్డు మాత్రం తినలేదు సార్."

డాక్టరమ్మ నవ్వింది. నేనూ నవ్వినా.
టేపు నవ్వలేదు.
ఎనభై ఎనిమిదిన్నర.
రెండు వేళ్ళు ఎక్కువ.

ఆ గడికి ఎడంపక్క
కబడ్డీ పిల్లోళ్ళ మడమలు తవ్విన గుంత ఒకటుంది.
ముందుకాళ్ళు అందులో దించితే
రెండు వేళ్ళేం ఖర్మ, మూడు మాయమవుతాయి.
డాక్టరమ్మ టీ గ్లాసు అందుకునే లోపల
దూడని మెల్లిగా అటు జరిపినా.

ఆ పిల్ల చూసింది.
గుంతని చూసింది, టేపుని చూసింది,
నా మొహం మాత్రం చూడలేదు.
పలుపు పట్టి లాగి
చింతపిక్కని చదునైన చోట నిలబెట్టి,
"ఇప్పుడు కొలవండి సార్" అన్నది.

కొలిచినా. రాసినారు. పక్కకి.

"ఎక్కువ పెట్టేసినానా సార్?"
దూడ మెడలో అట్ట విప్పతా ఉండా నేను.
ముడి రావడం లేదు.
రాకపోవడమే మంచిదయింది,
మాట్లాడే పని తప్పింది.

అప్పుడు చూసినా ఆ పలుపుని.
వాళ్ళ అవ్వవి మూడు పాత చీరలంట,
ఊదా, చిలకపచ్చ, వెలిసిపోయిన పసుపు.
చీల్చి, లోపల కిత్తనార పెట్టి పేనింది.
మెడకు తగిలే జానెడు మేర మాత్రం
దూది కూరి, మెత్తగా కుట్టింది.

షామియానా కింద చేతిపనుల పందెం ఇంకా అయిపోలేదు.
కుమ్మరోళ్ళ గజేంద్ర
చెవి ఊడిన మట్టి గుర్రానికి గమ్ము పూసి ఊదతా ఉండాడు.
కొబ్బరిచిప్ప తాబేళ్ళు, ఐసుపుల్లల ఇల్లు,
సగంలో ఆగిపోయిన ఈతాకు బుట్ట.

"దీన్ని తీసుకుపోయి ఆడ పెట్టు మే."
"బల్ల మీద పెట్టాలంటే విప్పాల గదా సార్.
విప్పితే ఇది పారిపోతాది."

టేపు జేబులో కుక్కి
సున్నం గీత మీదనే మోకాళ్ళేసినా.
మెడ చుట్టూ రెండు చేతులూ వేసినాక
ముడి తనే విప్పింది, చిటికెలో.
నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగి చూసింది,
చింతపిక్కనా, నన్నా?
పరిగెత్తింది.

సూది లేదు. మందు గొట్టం లేదు.
కింద పడదోసే పని లేదు.
ఇన్నేళ్ళలో ఒక పశువు నా చేతుల్లో
గింజుకోకుండా నిలబడటం ఇదే.
వెచ్చగా ఉంది. శెనగచెక్క వాసన.
గుండె మాత్రం
పెద్దజాతి దానిలాగే కొట్టుకుంటాంది.

మైకులో ఎవరెవరి పేర్లో వస్తున్నాయి.
పదిహేడు అన్నారో, పంతొమ్మిది అన్నారో
గాలికి సరిగ్గా వినపడలా.
చింతపిక్క నా జేబులోంచి టేపు కొస లాగి
తీరిగ్గా నమలతా ఉంది.
ఒకటి తడిసింది. రెండు తడిసింది.
మూడు సగం పోయింది.

నేనేమీ అనలేదు.